నమూనా రైలుమార్గాల ప్రదర్శన

నమూనా రైలుమార్గం అనగా నిజమైన రైలుబండ్లను, పట్టాలను, స్టేషన్లను, వాటి పరిసరాలను ఒక నిర్ణీత నిష్పత్తిలో కుదించి తయారు చేసిన చిన్న రూపం. దీనిని మోడల్ రైల్వే అనీ, అమెరికాలో మోడల్ రైల్‌రోడ్ అనీ అంటారు. పట్టాలు, పరిసరాలు అన్నీ అమర్చిన పూర్తి నిర్మాణాన్ని లేఅవుట్ అంటారు. ఈ అభిరుచి కలవారు తాము నిర్మించిన దానిని తోటి ఔత్సాహికులకు చూపడానికి అనేక పద్ధతులు ఉన్నవి. ఇంటికి పిలిచి బండ్లను నడిపించడం, క్లబ్బులో కలిసి నిర్మించడం, విడి భాగాలను ప్రదర్శనకు తీసుకొని వెళ్ళి ఇతరుల భాగాలతో జతపరచడం, పటాలు, ఛాయాచిత్రాలు, నిర్మాణ వివరాలు ప్రచురించడం వీటిలో ముఖ్యమైనవి.

లేఅవుట్లు ఎక్కువగా ఇంటి నేలమాళిగలోనో, అటక మీదనో, ఒక ప్రత్యేకమైన గదిలోనో ఉంటాయి. వాటిని కదల్చడం కష్టం. యజమాని ఇల్లు మారినా, మరణించినా సాధారణంగా విప్పివేయవలసి వస్తుంది. కనుక ఒక లేఅవుట్ గురించి దూరప్రాంతం వారికి తెలిసేదీ, తరువాతి కాలానికి మిగిలేదీ చాలావరకు ఫోటోలు, పటాలు, వ్యాసాల ద్వారానే.

కొలతలు

ఒకరు చేసిన ఇంజను మరొకరి పట్టాలపై నడవాలంటే ఇద్దరూ ఒకే కొలతలు పాటించాలి. ఇందులో రెండు అంశాలు ఉన్నవి. నిజమైన వస్తువుకూ, నమూనాకూ మధ్య గల నిష్పత్తిని స్కేలు అంటారు. రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. ఎక్కువగా వాడుకలో ఉన్నవి:

- జెడ్ - 1:220, గేజి 6.5 మి.మీ. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ 1972లో ప్రవేశపెట్టినది.
- ఎన్ - గేజి 9 మి.మీ. అమెరికా, ఐరోపాలలో 1:160, బ్రిటన్‌లో 1:148, జపానులో సాధారణంగా 1:150.
- హెచ్‌ఓ - 1:87, గేజి 16.5 మి.మీ. ప్రపంచంలో అత్యధికంగా వాడుకలో ఉన్నది.
- ఓఓ - 1:76, గేజి 16.5 మి.మీ. ప్రధానంగా బ్రిటన్‌లో వాడుకలో ఉన్నది.
- ఓ - గేజి 32 మి.మీ. నిష్పత్తి అమెరికాలో 1:48, బ్రిటన్‌లో 1:43.5.

హెచ్‌ఓ, ఓఓ నమూనాలు ఒకే పట్టాలపై నడుస్తాయి. కాని ఓఓ పెట్టెలు కొంచెం పెద్దవి. అందుచేత ఫోటోను గానీ, పటాన్ని గానీ ఇతరులకు ఇచ్చేటప్పుడు స్కేలును, గేజిని రెండింటినీ పేర్కొనడం అవసరం. ఈ రెండూ తెలియకపోతే చూసేవారు ఆ కొలతలను తమ పనికి ఉపయోగించుకొనలేరు.

చరిత్ర

మార్క్‌లిన్ సంస్థ 1891లో లైప్‌జిగ్ సంతలో నిర్ణీత గేజిలతో కూడిన ఆటబొమ్మల రైళ్ళను ప్రదర్శించినది. అంతకు ముందు కొన్న బొమ్మ రైలుకు తరువాత వేరే పెట్టెలు చేర్చే వీలు తక్కువ. అమెరికాలో లయొనెల్ సంస్థ 1900లో మొదలైనది. బ్రిటన్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ పేరుతో వచ్చిన రైళ్ళు 1920లో మార్కెట్టులోకి వచ్చినవి.

బొమ్మలతో తృప్తి చెందక నిజమైన రైలును పోలినట్లు స్వయంగా తయారు చేసుకొనే పెద్దలు క్లబ్బులుగా ఏర్పడ్డారు. లండన్‌లోని మోడల్ రైల్వే క్లబ్ 1910లో స్థాపించబడినది. ఇటువంటి క్లబ్బులలో ఇది అతి ప్రాచీనమైన వాటిలో ఒకటి. ఈ క్లబ్బు సభ్యులు 1980ల నుండి నిర్మిస్తూ వచ్చిన "కోపెన్‌హేగెన్ ఫీల్డ్స్" అనే లేఅవుట్‌లో, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో కింగ్స్ క్రాస్ స్టేషనుకు ఉత్తరాన ఉన్న లండన్ నగర భాగం చూపబడినది.

అమెరికాలో ఏ.సి. కాల్‌బాక్ 1934 జనవరిలో "మోడల్ రైల్‌రోడర్" అనే మాసపత్రికను మిల్వాకీ నగరం నుండి ప్రారంభించాడు. బ్రిటన్‌లో "రైల్వే మోడలర్" 1949లో మొదలైనది. పాఠకులు తమ లేఅవుట్ల పటాలను, ఫోటోలను పంపగా ఈ పత్రికలు ప్రచురించేవి. దానివలన ఒక ఊరిలో ఒంటరిగా పనిచేసే వ్యక్తికి వేల మైళ్ళ దూరంలో ఉన్నవారి పనితనం తెలిసే అవకాశం కలిగినది.

ప్రమాణాలు

తొలి రోజులలో ఒక తయారీదారు చక్రాలు మరొకరి పట్టాలపై సరిగా నడిచేవి కావు. ఈ ఇబ్బందిని తొలగించడానికి 1935లో మిల్వాకీలో నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ (ఎన్.ఎమ్.ఆర్.ఏ.) ఏర్పడినది. చక్రాల మధ్య దూరం, చక్రపు అంచు లోతు, పాయింట్ల వద్ద ఉండవలసిన ఖాళీ మొదలైనవాటికి ఈ సంస్థ కొలతలు నిర్ణయించినది. వీటిని పరీక్షించుటకు గాట్లు గల చిన్న లోహపు బిళ్ళను సభ్యులు వాడతారు.

1990లలో ఈ సంస్థ డిజిటల్ నియంత్రణకు కూడా ప్రమాణాలు రూపొందించినది. జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ పద్ధతి దీనికి ఆధారం. పాత పద్ధతిలో పట్టాలలో ప్రవహించే విద్యుత్తును పెంచినా తగ్గించినా ఆ పట్టాలపై ఉన్న ఇంజన్లన్నీ ఒకే విధంగా స్పందించేవి. కొత్త పద్ధతిలో ప్రతి ఇంజనులో ఒక చిన్న డీకోడరు, దానికొక సంఖ్య ఉంటాయి. ఆ సంఖ్యకు పంపిన ఆదేశాన్ని ఆ ఇంజను మాత్రమే పాటిస్తుంది. అందువలన మిత్రుడు తన ఇంజనును తెచ్చి ఇంకొకరి లేఅవుట్‌పై నడపడం సులభమైనది.

ఎన్.ఎమ్.ఆర్.ఏ. ఇచ్చే "మాస్టర్ మోడల్ రైల్‌రోడర్" గుర్తింపుకు 11 విభాగాలలో కనీసం 7 విభాగాలలో యోగ్యతాపత్రాలు పొందాలి. ఇంజన్లు, పెట్టెలు, భవనాలు, విద్యుత్ పని వంటివి ఈ విభాగాలలో కొన్ని. వ్యాసాలు రాయడం, స్వచ్ఛంద సేవ వంటి అభిరుచికి సంబంధించిన సేవా విభాగాలలో కనీసం ఒకటి తప్పనిసరి. అంటే ఎంత నేర్పుగా నిర్మించినా, ఇతరులకు ఏమీ అందించని వారికి ఈ గుర్తింపు లభించదు.

మాడ్యూళ్ళ పద్ధతి

ఇంటిలో పూర్తి లేఅవుట్‌కు స్థలం లేనివారికి మాడ్యూళ్ళ పద్ధతి అనుకూలమైనది. ఇందులో ఒక్కొక్కరు ఒక బల్ల పరిమాణం గల భాగాన్ని మాత్రమే నిర్మిస్తారు. భాగం లోపల కొండ ఉండవచ్చును, ఊరు ఉండవచ్చును, వరిచేను ఉండవచ్చును. కాని భాగం చివర పట్టాలు ఉండవలసిన స్థానం, నేల నుండి ఎత్తు, విద్యుత్ తీగల అమరిక అందరికీ ఒకటే. ప్రదర్శన రోజున వాటిని వరుసగా జతపరిస్తే పెద్ద రైలుమార్గం తయారవుతుంది.

- ఎన్‌ట్రాక్ - 1970లలో కాలిఫోర్నియాలో మొదలైనది. సాధారణ మాడ్యూలు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉంటుంది. దానిపై మూడు సమాంతర మార్గాలు ఉంటాయి. వీటిని ఎరుపు, పసుపు, నీలం రంగుల పేర్లతో గుర్తిస్తారు.
- ఫ్రెమో - 1981లో ఏర్పడిన ఐరోపా ఔత్సాహికుల సంఘం. సభ్యులు పెద్ద హాళ్ళలో కలిసి, మాడ్యూళ్ళను జతచేసి, నిజమైన రైల్వేలలో వలె కాలపట్టిక ప్రకారం బండ్లను నడుపుతారు.
- టీ-ట్రాక్ - జపానులో పుట్టినది. సుమారు ఒక అడుగు పొడవు గల చిన్న మాడ్యూళ్ళు కనుక మామూలు బల్లపై అమర్చవచ్చును.

పంచుకొనే వివరాలు

పూర్తయిన లేఅవుట్ ఫోటో చూపరులకు ఆనందం కలిగిస్తుంది. కాని మరొక నిర్మాతకు అది ఒక్కటే చాలదు. సాధారణంగా ఈ క్రింది వివరాలు కూడా ఇస్తారు.

- ఏ ప్రాంతపు రైల్వేను, ఏ కాలాన్ని అనుసరించినది
- స్కేలు, గేజి, గది కొలతలు, పట్టాల అమరిక పటం
- వంపుల కనిష్ఠ వ్యాసార్థం, ఎత్తు పల్లాల వాలు
- వాడిన పదార్థాలు, రంగులు, తీగల అమరిక
- పని జరుగుతున్న దశలలో తీసిన ఫోటోలు
- విఫలమైన ప్రయత్నాలు, వాటిని సరిచేసిన విధానం

చివరి రెండూ విలువైనవి. పూర్తయిన కొండను చూస్తే లోపల ఉన్న చెక్క చట్రం గానీ, దానిపై పరచిన జాలీ గానీ, ప్లాస్టర్ గానీ కనిపించవు. సొరంగం లోపల బండి పట్టా తప్పితే చేయి పెట్టడానికి వెనుక నుండి దారి విడిచారా లేదా అన్నది కూడా తెలియదు. ఇటువంటి విషయాలు నిర్మాణ దశలోని ఫోటోల వలననే తెలుస్తాయి.

ఛాయాచిత్రణ

నమూనాల ఫోటోలు తీయడంలో కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులు ఉన్నవి.

కెమెరా ఎత్తు: నిలబడి పై నుండి తీసిన ఫోటోలో నమూనా బొమ్మగానే కనిపిస్తుంది. 170 సెం.మీ. ఎత్తు గల మనిషి హెచ్‌ఓ స్కేలులో 2 సెం.మీ. కంటే తక్కువ ఎత్తు ఉంటాడు. కెమెరా కటకాన్ని దాదాపు ఆ ఎత్తుకు దించితే, ప్లాట్‌ఫారంపై నిలబడి చూస్తున్న అనుభూతి కలుగుతుంది.

స్పష్టత: కెమెరా వస్తువుకు చాలా దగ్గరగా ఉన్నప్పుడు కొద్ది దూరం వరకే స్పష్టంగా పడుతుంది. ఇంజను ముందు భాగం స్పష్టంగా ఉండి వెనుక పెట్టెలు మసకబారుతాయి. దీనికి విరుగుడుగా ఎపర్చరును ఎఫ్/22 వంటి చిన్న రంధ్రానికి తగ్గించి, ట్రైపాడ్‌పై ఉంచి ఎక్కువసేపు వెలుగు పడనిస్తారు. డిజిటల్ కెమెరాలు వచ్చిన తరువాత వేరువేరు దూరాలకు ఫోకసు చేసిన అనేక ఫోటోలను కంప్యూటరులో కలిపి ఒకే స్పష్టమైన ఫోటోగా చేసే పద్ధతి వ్యాపించినది.

వెలుతురు: ఆరుబయట సూర్యుడు ఒక్కడే. గదిలో నాలుగు దీపాలు ఉంటే స్తంభానికి నాలుగు నీడలు పడి కృత్రిమత్వం బయటపడుతుంది. కనుక ఒక ప్రధాన దీపాన్ని ఒక వైపు ఉంచి, మిగిలిన వెలుతురును తెల్లని అట్టతో చెదరగొడతారు.

శుభ్రత: తల వెంట్రుక మందం 0.08 మి.మీ. అనుకొంటే, హెచ్‌ఓ స్కేలులో అది 7 మి.మీ. మందం గల తాడుతో సమానం. కంటికి కనిపించని దుమ్ము, జిగురు మరకలు ఫోటోలో కొట్టవచ్చినట్లు కనిపిస్తాయి. అందుచేత అనేకమంది నిర్మాతలు తమ పనిలోని లోపాలను తెలుసుకొనడానికే ముందుగా ఫోటో తీసి చూసుకొంటారు.

జాన్ అలెన్ లేఅవుట్

అమెరికాకు చెందిన జాన్ అలెన్ (1913-1973) వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు. కాలిఫోర్నియా రాష్ట్రంలోని మాంటెరీలో తన ఇంటి నేలమాళిగలో "గోర్ అండ్ డఫెటిడ్" అనే హెచ్‌ఓ లేఅవుట్ నిర్మించాడు. నేల నుండి పైకప్పు వరకు లేచిన కొండలు, లోతైన లోయలు, వాడకంతో మాసినట్లు రంగులు వేసిన భవనాలు, ఇంజన్లు దీని విశేషాలు. కొత్త వస్తువును పాతబడినట్లు చూపే ఈ విధానం అలెన్ ఫోటోల ద్వారా విస్తృత ప్రచారం పొందినది. గదిని పెద్దదిగా చూపడానికి అద్దాలను కూడా ఉపయోగించాడు. ఇంజనుకు బదులుగా పెట్టెలను లాగే ఒక రాక్షసబల్లి బొమ్మ కూడా ఈ లేఅవుట్‌లో ఉండేది.

అలెన్ 1973 జనవరి 6న గుండెపోటుతో మరణించాడు. పది రోజుల తరువాత ఆ ఇంటిలో అగ్నిప్రమాదం జరిగి లేఅవుట్ చాలావరకు నాశనమైనది. రెండు దశాబ్దాలకు పైగా సాగిన పనిలో ప్రధానంగా మిగిలినవి అలెన్ తీసిన ఫోటోలు, పత్రికలలో వచ్చిన వ్యాసాలు, అక్కడ బండ్లు నడిపిన మిత్రుల జ్ఞాపకాలు. వీటి ఆధారంగా "మోడల్ రైల్‌రోడర్" మాజీ సంపాదకుడు లిన్ వెస్ట్‌కాట్ రాసిన పుస్తకం 1981లో వెలువడినది. లేఅవుట్‌ను ఎన్నడూ చూడని తరాలవారు కూడా ఆ పుస్తకం ద్వారా అలెన్ పద్ధతులు నేర్చుకొన్నారు.

ఇతర ప్రసిద్ధ ఉదాహరణలు

- ఎమ్.ఐ.టి. క్లబ్బు - అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1946లో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ ఏర్పడినది. పట్టాల అడుగున టెలిఫోను రిలేలతో క్లిష్టమైన నియంత్రణ వ్యవస్థను నిర్మించిన ఇక్కడి విద్యార్థులలో అనేకులు తరువాత కంప్యూటర్ల వైపు మళ్ళారు. "హ్యాక్" అనే మాటను చమత్కారమైన సాంకేతిక పని అనే అర్థంలో వీరు వాడేవారు. ఈ మాట నేటి కంప్యూటర్ పరిభాషలోకి రావడంలో ఈ క్లబ్బుకు ముఖ్యమైన పాత్ర ఉన్నది.
- మినియేచర్ వుండర్‌లాండ్ - జర్మనీలోని హాంబర్గ్ నగరంలో 2001లో బ్రౌన్ సోదరులు ప్రారంభించిన హెచ్‌ఓ ప్రదర్శన. ఇందులోని పట్టాల మొత్తం పొడవు 16 కిలోమీటర్లకు మించినది.
- రాడ్ స్టువర్ట్ లేఅవుట్ - బ్రిటిష్ గాయకుడైన ఇతడు రెండు దశాబ్దాలకు పైగా శ్రమించి అమెరికా నగరం ఒకదాని నమూనాను నిర్మించి, 2019లో "రైల్వే మోడలర్" పత్రిక ద్వారా దాని వివరాలు వెల్లడించాడు. కచేరీ యాత్రలలో కూడా భవనాల భాగాలను వెంట తీసుకొనివెళ్ళి హోటలు గదిలో పనిచేసేవాడు.

భారతదేశంలో

పూణే నగరంలో 1998లో ప్రారంభమైన జోషీ సూక్ష్మ రైల్వే మ్యూజియం దేశంలోని ప్రసిద్ధ నమూనా రైల్వే ప్రదర్శనలలో ఒకటి.

భారతీయ రైళ్ళ నమూనాలు చేయువారికి మొదటి సమస్య గేజి. హెచ్‌ఓ పట్టాల 16.5 మి.మీ. దూరం 1,435 మి.మీ. గల స్టాండర్డ్ గేజికి సరిపోతుంది. భారతీయ బ్రాడ్ గేజి 1,676 మి.మీ. కనుక అదే స్కేలులో 19.3 మి.మీ. కావాలి. బజారులో దొరికే పట్టాలను వాడుకొనేవారు ఈ తేడాతో సర్దుకొనవలసి ఉంటుంది. ఖచ్చితత్వం కోరేవారు పట్టాలను స్వయంగా వేసుకొనాలి.

రెండవ సమస్య స్థలం. సుమారు 22 మీటర్ల పొడవు గల మామూలు ప్రయాణీకుల పెట్టె హెచ్‌ఓలో 25 సెం.మీ. అవుతుంది. 20 పెట్టెల బండికి 5 మీటర్లు కావాలి. రాజమండ్రి వద్ద గోదావరిపై 1900లో పూర్తయిన హేవలాక్ వంతెనకు, ఒక్కొక్కటి సుమారు 45 మీటర్ల పొడవు గల 56 స్పాన్లు ఉన్నవి. ఒక్క స్పాను అర మీటరుకు కొంచెం ఎక్కువ అవుతుంది. వంతెన మొత్తానికి దాదాపు 30 మీటర్ల హాలు అవసరం. అందుచేత నిర్మాతలు నాలుగైదు స్పాన్లు మాత్రమే చేసి వంతెన స్వభావాన్ని చూపుతారు. ఏది ఉంచాలి, ఏది విడిచిపెట్టాలి అన్నది ఈ అభిరుచిలో తరచుగా చర్చకు వచ్చే విషయం.

మూడవది, భారతీయ ఇంజన్లు, పెట్టెల సిద్ధ నమూనాలు విదేశీ నమూనాలంత విరివిగా దొరకవు. ప్లాస్టిక్ షీటు, అట్ట, ఇత్తడి రేకులతో స్వయంగా తయారు చేసుకొనే పద్ధతి ఉన్నది. అటువంటప్పుడు ఒకరు కొలిచి గీసిన పటం, అన్ని వైపుల నుండి తీసిన ఫోటోలు పదిమందికి ఉపయోగపడతాయి. హేవలాక్ వంతెనపై 1997లో రైళ్ళ రాకపోకలు నిలిచిపోయినవి. ఆవిరి ఇంజన్లు కూడా 1990లలో సాధారణ సేవల నుండి తొలగిపోయినవి. ఇటువంటివాటిపై బండ్లు తిరిగిన రోజులలో ఎవరో తీసి ఉంచిన ఫోటోలే నేటి నిర్మాతలకు ముఖ్యమైన ఆధారం.

ఇవి కూడా చూడండి

- భారతీయ రైల్వేలు
- హేవలాక్ వంతెన
- ఛాయాచిత్రణ