పరిచయపు కార్డు - పంటకు పేరు నిలుపు సాధనము

పెన్నలో వాగులు వచ్చి కలియుచోటు గనుక మన యూరికి సంగమను పేరు కలిగినది. కలిసిన పిమ్మట ఏది ఏ వాగు నీరో వేరుచేసి చెప్పుట యెవ్వరికిని సాధ్యము గాదు. మన వడ్ల సంగతియు నట్లే యున్నది. మన కాలువల క్రింద పండిన వడ్లు మిల్లు చేరువరకే మన పేరుతో నుండును. బియ్యమై సంచి కెక్కిన పిదప సంచి మీద నుండునది పరుల మార్కు. అన్నము రుచిగా నున్నదని మెచ్చిన యింటివారు మరల కొనదలచినను, పండించినవా డెవ్వడో, వాని నేమని పిలువవలెనో వారికి తెలియదు. భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి కొయ్య చెంచాల విషయమును నిట్టిదే. హైదరాబాదులో వానిని వాడుకొను గృహిణికి చెంచా చేతిలో నుండును గాని చెక్కిన వాని చిరునామా యుండదు.

2022వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీన సంగము బ్యారేజి ప్రారంభింపబడినది. నీటిని నిలుపుటకు బ్యారేజి వచ్చినది. పేరును నిలుపుకొనుట మాత్రము మన చేతిలోనే యున్నది. అందులకు తోడ్పడు చిన్న సాధన మొకటి నేడు సులభముగా లభించుచున్నది. అది ఫోనుకు తాకించినను, ఫోను కెమేరాకు చూపినను మన వివరములు తెలుపు పరిచయపు కార్డు. దీనిని తయారు చేయించుకొను విధమును, అందలి జాగ్రత్తలను సభ్యుల కెరిగించుటయే ఈ వ్యాసోద్దేశము.

కార్డు పనిచేయు విధము

ఇట్టి కార్డులో రెండు ద్వారము లుండును. మొదటిది క్యూ.ఆర్. కోడు. అనగా నలుపు తెలుపు గళ్ల చదరము. టీకొట్టు మొదలు విత్తనపు సంచి వరకు దీనిని మన మందరము చూచుచునే యున్నాము. జపాను దేశమున డెన్సో వేవ్ సంస్థలో హారా మసహిరో యను నాతడును, ఆతని తోడివారును మోటారు భాగముల లెక్క కొఱకు 1994లో దీనిని కల్పించిరి. మూడు మూలల నున్న పెద్ద చదరములు ఫోనుకు తల యేదో, క్రిందేదో తెలుపును. మిగిలిన గళ్లలో అక్షరములు దాగియుండును. కొంత భాగము చిరిగినను, మరక పడినను చదువబడునట్లు అదే సమాచారమును సరిచూచుకొను గళ్లు కూడ నందే యుండును. ఈ రక్షణ సుమారు 7, 15, 25, 30 పాళ్లు చొప్పున నాలుగు తరగతులుగా నున్నది. పాలు హెచ్చినకొలది గళ్లును హెచ్చును.

రెండవది ఎన్.ఎఫ్.సి. చిప్పు. ఇది కార్డు పొరలలో నుండు చిన్న బిళ్ల. దాని చుట్టును సన్నని తీగ చుట్టబడియుండును. దీనికి బ్యాటరీ లేదు. ఫోను దగ్గరకు వచ్చినప్పుడు ఫోనునుండి వెలువడు అయస్కాంత క్షేత్రమే ఆ తీగలో విద్యుత్తు పుట్టించును. అంతట చిప్పు మేలుకొని తనలోని చిరునామాను ఫోనున కందించును. ఈ పని సుమారు నాలుగు సెంటీమీటర్ల లోపలనే జరుగును. కార్డును ఇనుప బల్ల మీదగాని, రేకు డబ్బాకుగాని ఆనించి పెట్టినచో లోహము ఆ శక్తిని హరించును, కార్డు పలుకదు.

తక్కువ వెలగల ఫోనులు పెక్కింటిలో ఎన్.ఎఫ్.సి. యుండదు. కావున చిప్పు నొక్కదానినే నమ్ముకొనరాదు. కోడును దానితో గూడ ఉండవలెను. ఫోనే లేనివానికై పేరును ఫోను నంబరును చక్కని యక్షరములతో అచ్చు వేయింపవలెను.

ఏమి వ్రాయవలెను, ఏమి వ్రాయకూడదు

కార్డు చిన్నది. చెప్పదలచిన దంతయు దానిపై గ్రుక్కుట తగదు. ముందువైపున పంట పేరు లేక మార్కు, రైతు పేరు, ఊరు, ఫోను నంబరు చాలును. వెనుకవైపున కోడును, దాని క్రింద "కెమేరాతో చూడుడు, లేక ఫోనును తాకింపుడు" అను ఒక్క పంక్తియు నుండిన చాలును. కోడు ప్రక్క రెండు సెంటీమీటర్లకు తగ్గకుండుట మేలు. దాని చుట్టును నాలుగు గళ్ల వెడల్పున తెల్లని ఖాళీ విడువవలెను. ముదురు రంగు గళ్లు లేత నేలపై నుండవలెను గాని బంగారు రేకు, తళుకు పూత పనికిరావు. ఎండలో అవి మెఱసి కెమేరాకు గళ్లను కనబడనీయవు. నడుమ మార్కు బొమ్మ పెట్టగోరువారు 30 పాళ్ల రక్షణగల తరగతిని కోరి, బొమ్మను మిక్కిలి చిన్నదిగా నుంచవలెను.

కోడులోను చిప్పులోను వివరము లన్నియు నింపక ఒక చిన్న వెబ్ చిరునామాను మాత్రమే యుంచుట యుక్తము. వాడుకలోనున్న చిన్న చిప్పులలో నొక దానికి 144 బైట్లే స్థలము. తెలుగు అక్షర మొక్కింటికి మూడు బైట్లు, గుణింతపు గుర్తుకు మరి మూడు బైట్లు పట్టును. కావున పేరు, ఊరు వ్రాయునప్పటికే స్థలము నిండిపోవును. చిరునామా పొట్టిదైనచో కోడులో గళ్లు తక్కువై, పాత ఫోనైనను వెంటనే చదువును. వరి రకము, కోతకాలము, నిలువయున్న బస్తాలు, నేటి ధర మొదలగునవి ఆ చిరునామాలోని పుటలో నుండవలెను. అప్పుడు ధర మారినను కార్డు మార్చనక్కరలేదు.

ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా, సర్వే నంబరు కార్డు మీదగాని పుటలోగాని ఉంచరాదు. యు.పి.ఐ. కోడును దీనితో కలుపవద్దు. పరిచయము వేరు, పైకము వేరు. పైకము పుచ్చుకొనుటకు మన రహస్య పిన్ను ఎన్నడును వేయనక్కరలేదని యింటిల్లిపాదికిని తెలిసియుండవలెను.

చిరునామా యెవరిది?

అన్నిటికంటె ముఖ్యమగు విషయ మిదియే. కార్డులు చేసియిచ్చు వర్తకులలో పలువురు తమ సొంత చిరునామానే కోడులో వేసి, అక్కడనుండి మన పుటకు మళ్లింతురు. ఏటేట అద్దె చెల్లించినంత కాలము అది నడచును. అద్దె మానితిమా, లేక ఆ వర్తకుడే దుకాణము మూసెనా, మనము పంచిన కార్డు లన్నియు ఒక్కనాటనే మూగవగును. కొనువారి యింట గోడకు గ్రుచ్చియున్న కార్డును మన మెట్లు తెచ్చుకొనగలము? దళారి చేతినుండి విడిపించుకొన్న పేరును మరియొక దళారి చేతిలో పెట్టినట్లే యగును.

కావున చిరునామా మనదై యుండవలెను. ఒక్కొక్క రైతు వేఱువేఱుగా కొనుటకంటె, సంఘమే తన పేర నొక డొమైను కొని, ఒక్కొక్క సభ్యునికి అందొక పుట యేర్పరచుట సులభము, చౌక. వార్షిక రుసుము గడువును రుణముల గడువువలెనే రిజిస్టరున వ్రాసికొనవలెను. గడువు దాటినచో ఆ పేరును పరులు కొనుక్కొనవచ్చును. అప్పుడు మన కార్డే కొనువానిని పరుల వాకిటికి చేర్చును. సంకేతపదము ఒక్క గుమాస్తా యొద్దనే కాక అధ్యక్ష కార్యదర్శు లిరువురి యొద్దను ఉండునట్లు తీర్మానము చేయుట మంచిది.

చిప్పులో చిరునామా వ్రాసి పరీక్షించిన తరువాత దానికి తాళము వేయవలెను. తాళము లేని చిప్పులో సంతలో నెవ్వడైనను తన ఫోనుతో వేరు చిరునామా వ్రాసి పోవచ్చును. కాని యీ తాళము ఒకసారి పడినచో మరల రాదు. చిరునామా మనదై యుండవలెనని చెప్పుట కిదియు నొక కారణము.

మార్కు, మాట

మార్కును చట్టప్రకారము రిజిస్టరు చేయించుకొనవచ్చును. 1999వ సంవత్సరపు ట్రేడుమార్కుల చట్టము క్రింద రిజిస్ట్రేషను పదేండ్లు చెల్లును, తిరిగి పొడిగించుకొనవచ్చును. రిజిస్టరు కాకముందే అయినట్లు గుర్తు వేయుట చట్టవిరుద్ధము. అట్లే ఉదయగిరి కొయ్యసామానుల భౌగోళిక గుర్తింపు ఆ ప్రాంతపు పనివారి యుమ్మడి సొత్తు. అధికృత వినియోగదారుగా నమోదు కానివారు దాని ముద్రను తమ కార్డున వేసికొనరాదు.

అచ్చు వేయించుటకు ముందు ఒక్క కార్డును చేయించి, మూడు నాలుగు రకముల ఫోనులతో, ఎండలోను దీపపు వెలుతురులోను పరీక్షింపుడు. మీరు కాక, ఈ సంగతి యెఱుగని వాని చేత చూపింపుడు. అతడు అడుగకయే తెరచెనా, కార్డు సిద్ధమైనట్లే. చిప్పుగల కార్డులు ఖరీదు హెచ్చు గనుక ఒకటి రెండు చేయించి యొద్ద నుంచుకొని తాకింపవచ్చును. పంచిపెట్టుటకు కోడు గల కాగితపు కార్డులు చాలును. బియ్యపు సంచిలో నొకటి, చెంచాల కట్టలో నొకటి వేయుడు.

తుదకొక్క మాట. కార్డు కొనువానిని మన వాకిటి వరకు తెచ్చును గాని లోనికి రప్పించునది సరకే. పుటలో పాత పంట అని వ్రాసి కొత్తది పంపినను, తూకము తగ్గించినను, పేరు లేని కాలమున ఆ నింద గుంపులో కలిసిపోయెడిది. ఇప్పుడు పేరు, ఊరు, ఫోను నంబరుతో సహా మన మీదనే నిలుచును. పేరు నిలుపుకొనగోరువాడు ఆ బరువును కూడ మోయుటకు సిద్ధపడవలెను. సిద్ధపడినవాని కీ చిన్న కార్డు గొప్ప మేలు చేయగలదు.