అకాన్ సంస్కృతి: మగ్గం దగ్గర మొదలయ్యే పాఠం

ఘనా జనాభాలో అతిపెద్ద సమూహం అకాన్ ప్రజలు. వారి సంస్కృతిని అభ్యసించడానికి విదేశాల నుంచి కుమాసి నగరానికి వచ్చే విద్యార్థులకు పాఠాలు తరగతి గదిలోనే ముగియవు.

సమీపంలోని బోన్‌విరె గ్రామం కెంటే నేతకు ప్రసిద్ధి. నేతగాడు కాలివేళ్ల మధ్య పట్టిన తాళ్లతో పడుగును విడదీస్తాడు. చేతులు పేకను నడుపుతాయి. సుమారు 4 అంగుళాల వెడల్పు పట్టీలను నేసి, పక్కపక్కన చేర్చి కుడితేనే వస్త్రం అవుతుంది. కొత్తవారికి పట్టీ అంచు తిన్నగా రావడమే కష్టం. ఆ శ్రమ అనుభవంలోకి వచ్చాక, అదే నమూనాను యంత్రంపై అచ్చువేసిన చౌక గుడ్డ నేతగాళ్ల జీవనోపాధికి ఎలా గండి కొడుతోందో వేరే వివరించనక్కరలేదు. కెంటే నేతను యునెస్కో 2024లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే అచ్చు గుడ్డల పోటీని ఆ గుర్తింపు ఆపలేదు.

ఎంటోన్సోలో సొరబుర్ర పెంకుపై చెక్కిన అచ్చులతో, చెట్టు బెరడును మరిగించి తీసిన రంగుతో అడింక్రా గుర్తులను అద్దుతారు. తల వెనక్కి తిప్పిన పక్షి ‘సాంకోఫా’. మరచినదాన్ని వెనుదిరిగి తెచ్చుకోమని భావం.

పుట్టిన వారాన్ని బట్టి అతిథికీ ఒక పేరు దక్కుతుంది. శుక్రవారం జన్మించిన పురుషుడు కోఫీ. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ పేరు అలా వచ్చినదే. ఎడమచేత్తో ఏదీ ఇవ్వరాదన్న మర్యాద మాత్రం తెలుగు విద్యార్థికి ఎవరూ నేర్పనక్కరలేదు.