జీతమిచ్చి సేవకు పంపితే యజమానికి ఏమి మిగులుతుంది?

ఉప్పల్: వరంగల్ రోడ్డు మీదుగా నగరానికి వచ్చేవారికి ముందుగా తగిలేది ఉప్పల్. ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో మందుల పరిశోధన చేసే ఆరాజెన్ ఉంది, కంప్యూటర్ల మీద దేశదేశాల కంపెనీల లెక్కలు చూసే జెన్‌ప్యాక్ట్ ఉంది. పాతిక ముప్పై మందితో నడిచే చిన్న షెడ్లూ ఉన్నాయి. ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి వైపు పల్లెల నుంచి నగరానికి పనికి వచ్చిపోయేవారు ఎందరో. నగరం నుంచి పల్లెకు ఎదురు ప్రయాణమూ ఒకటి జరుగుతోంది. కంపెనీ బస్సు వస్తుంది. ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న ఉద్యోగులు దిగి, బడి గోడకు సున్నం వేసి, ఫొటోలు దిగి, పొద్దుగూకేసరికి వెళ్ళిపోతారు.

పనిరోజున జీతమిచ్చి మరీ ఉద్యోగులను ఊళ్ళోకి పంపితే యజమానికి ఒరిగేదేమిటి? ఇది తెలిస్తే ఊరు ఏమి అడగవచ్చునో కూడా తెలుస్తుంది.

చట్టానికి భయపడి చేస్తున్నారని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, ఏడాది నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చోటుకూ, దాని చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులో ఉంది.

ఉద్యోగి ఇచ్చే గంటల సంగతి వేరు. ఆ గంటల జీతాన్ని ఈ ఖర్చులో చూపుకోవచ్చునని కేంద్ర ప్రభుత్వం 2014 జూన్‌లో చెప్పింది. 2016 జనవరిలో మాట మార్చింది. ఉద్యోగులను ప్రోత్సహించండి గాని, వారి ఉచిత సేవకు విలువ కట్టి ఖర్చుగా రాయకూడదన్నది. 2021లోనూ అదే చెప్పింది. అంటే ఉద్యోగి బడిలో గడిపిన రోజు ఖర్చు యజమాని తన జేబులోంచి పెట్టుకున్నదే. చిన్న షెడ్లలో చాలావాటికి ఆ 2 శాతం నిబంధనే అంటదు.

మరి లాభం ఎక్కడ? ఒక లెక్క వేసి చూడవచ్చు. 100 మంది ఉన్న ఫ్యాక్టరీలో ఒక్కొక్కరు ఏడాదికి 2 రోజులు ఇచ్చారనుకుందాం. అవి 200 పనిదినాలు. ఏడాదికి 300 రోజుల చొప్పున మొత్తం 30,000 పనిదినాల్లో అది నూటికి ఒకటి కూడా కాదు. ఇక పని నేర్చినవాడు మానేస్తే? వచ్చిన కొత్తవాడు మొదటి 50 పనిదినాలు సగం పనే చేశాడనుకుంటే 25 దినాలు నష్టం. ఏడాదిలో 8 మంది మానకుండా నిలిస్తే పోయిన 200 దినాలూ తిరిగి వచ్చినట్టే.

ఆ 8 మంది నిలుస్తారా అన్నదే చిక్కు. సేవకు ముందుకొచ్చేవాడు ఎలాగూ నిలిచే మనిషే కావచ్చు. కనుక ఎవరు వెళ్ళారు, ఎవరు వెళ్ళలేదు, రెండేళ్ళ తరువాత ఎవరు మిగిలారు అని యజమాని రిజిస్టరు పెట్టి చూసుకోవాలి. ఫొటోల ఆల్బం ఆ పనికి రాదు.

అమెరికాలో బూట్లు తయారుచేసే టింబర్‌ల్యాండ్ కంపెనీ 1992లో ఉద్యోగికి ఏడాదికి 16 గంటలు జీతంతో సేవకు వదిలింది. తరువాత దాన్ని 40 గంటలు చేసింది. నష్టమనుకున్న వ్యాపారి గంటలు పెంచడు గదా!

అయితే చిన్న షెడ్డులో షిఫ్టుకు పదిమంది. ఇద్దరు బయటికి పోతే మిషను ఆగుతుంది. అందుకని ఆదివారం రమ్మంటే కార్మికుడి విశ్రాంతి పోతుంది. రాకపోతే హాజరులో గుర్తు పెడతామంటే దాన్ని సేవ అనరు. నిజాం కాలం చూసిన ఈ ప్రాంతంలో దానికి పాత పేరే ఉంది, వెట్టి. అలా తెచ్చిన మనిషి ఫ్యాక్టరీని మెచ్చుకోడు సరికదా, తొందరగా మానేస్తాడు. అలాగే మురుగునీటిని శుద్ధి చేయకుండా వదిలే ఫ్యాక్టరీ బడికి ఎన్ని రంగులు వేసినా ఇరుగుపొరుగు నమ్మరు.

వచ్చినవారి చేత ఏ పని చేయించుకోవాలన్నది ఊరు చూసుకోవలసిన సంగతి. సున్నం వేయడానికి ఊళ్ళో మనుషులున్నారు. లేనిది వేరే ఉంది. ఉప్పల్ రోడ్డులోనే ఉన్న సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ వంటి సీఎస్ఐఆర్ ప్రయోగశాలల్లో 2017లో ‘జిజ్ఞాస’ కార్యక్రమం మొదలైంది. శాస్త్రవేత్తలు బడిపిల్లలకు తమ పనినే చూపిస్తారు. తమకు వచ్చిన విద్యను ఇవ్వడమన్నమాట. చిన్న షెడ్డు ఎలక్ట్రీషియను నెలకొకసారి వచ్చి బడి వైరింగు, నీళ్ళ మోటారు చూసిపోతే మిషను ఆగదు, బడికి ఖర్చూ తప్పుతుంది. లెక్కలు బాగా వచ్చిన కుర్ర ఉద్యోగి నలభై మంది పిల్లల ముందు నిలబడి చెప్పడం నేర్చుకుంటే, రేపు సూపర్‌వైజరుగా పదిమంది చేత పని చేయించడమూ తేలికవుతుంది. యజమాని అలాంటి శిక్షణకు విడిగా డబ్బు పెట్టనక్కరలేదు.

బడులు జూన్‌లో తెరుస్తారు. ఆ లోపునే సర్పంచి, ప్రధానోపాధ్యాయుడు కూర్చుని బడికి కావలసినవి కాగితం మీద రాసి కంపెనీకి ఇవ్వవచ్చు. పదో తరగతికి వారానికి రెండు గంటల లెక్కలు, పరీక్షల దాకా, అదే మనిషి. మధ్యలో మానేసేటట్లయితే ఆ సంగతి ముందే చెప్పమని కూడా రాయాలి. అర్ధసంవత్సరం పరీక్షల తరువాత మరో మాస్టరు దొరకడం కష్టం.