గోడరాతలపై ఇరుగుపొరుగు: ఫిలడెల్ఫియా అనుభవం

యజమాని అనుమతి లేకుండా ఇతరుల గోడలపైనా, రైలు పెట్టెలపైనా, వంతెన స్తంభాలపైనా రంగుతో గీసే పేర్లనూ గుర్తులనూ బొమ్మలనూ పాశ్చాత్య దేశాల్లో ‘గ్రాఫిటీ’ అంటారు. గీరడం అనే అర్థమున్న ఇటాలియన్ మాట నుంచి పుట్టిన ఈ పదాన్ని, క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిద కప్పేసిన పాంపే నగరంలో గోడలపై దొరికిన ప్రాచీన రాతలకు కూడా పండితులు వాడుతారు. అయితే అది నేటి నగరాల సమస్యగా మారడానికి మేకు మొన కంటే రంగు డబ్బా పెద్ద కారణం. 1949లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎడ్ సీమోర్ అనే రంగుల వ్యాపారి, మీట నొక్కితే రంగు తుంపరగా చిమ్మే డబ్బాను తయారుచేశాడు. జేబులో పట్టే ఆ సాధనం రెండు దశాబ్దాల తరువాత నగర యువకుల చేతికి చిక్కి, కొన్ని క్షణాల్లో గోడపై పేరు రాసి మాయమయ్యే వీలు కల్పించింది.

ఇలా రాసుకునే మారుపేరును ‘ట్యాగ్’ అంటారు. అది సంతకం లాంటిది. ఎన్ని చోట్ల కనిపిస్తే, ఎక్కడానికి ఎంత కష్టమైన చోట కనిపిస్తే రాసినవాడికి తోటివారిలో అంత పేరు. ఆధునిక గ్రాఫిటీకి తొలి కేంద్రాల్లో ఒకటి ఫిలడెల్ఫియా నగరం. అక్కడ 1960ల చివర్లో ‘కార్న్‌బ్రెడ్’ అనే మారుపేరుతో ఊరంతా రాసిన డారిల్ మెక్‌క్రేను ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకడిగా చెబుతారు. గోడరాతలను ఎదుర్కోవడంలో పొరుగువారి పాత్ర ఎంతటిదో తెలుసుకోవడానికి కూడా ఆ నగరమే మంచి ఉదాహరణ.

ఫిలడెల్ఫియా వీధుల్లో చాలావరకు ఇళ్లు విడివిడిగా ఉండవు; ఒకదాని గోడకు మరొకటి ఆనుకొని వీధి పొడవునా బారులు తీరి ఉంటాయి. 1950లో సుమారు 20.7 లక్షలున్న నగర జనాభా, కర్మాగారాలు మూతపడటంతోనూ మధ్యతరగతి శివార్లకు తరలిపోవడంతోనూ 1980 నాటికి 16.9 లక్షలకు తగ్గింది. ఖాళీ అయిన ఇల్లు శిథిలమై కూల్చివేతకు గురైనప్పుడల్లా, అంతవరకూ రెండిళ్ల మధ్య దాగి ఉన్న ఉమ్మడి గోడ రెండుమూడంతస్తుల ఎత్తున, కిటికీ కూడా లేకుండా వీధి వైపు బయటపడేది. పక్కన ఖాళీ జాగా, ఎదుట చూసే కన్ను లేని గోడ: ట్యాగ్ రాసేవారికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. కాబట్టి అక్కడి గోడరాతలు కుర్రతనపు అల్లరి మాత్రమే కాదు. వీధి పలచబడిందనడానికి పైకి కనిపించే గుర్తు కూడా.

ఈ గుర్తుకు ఎంత విలువ ఇవ్వాలన్న విషయంలో సామాజిక శాస్త్రవేత్తల మధ్య పెద్ద చర్చే నడిచింది. పగిలిన కిటికీని బాగుచేయకుండా వదిలేస్తే, ఇక్కడ పట్టించుకునేవారు లేరన్న సంకేతం వెళ్లి మిగతా కిటికీలూ పగులుతాయని, చిన్న అక్రమం పెద్ద నేరానికి దారితీస్తుందని 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ వాదించారు. దీనికే ‘పగిలిన కిటికీల సిద్ధాంతం’ అని పేరు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ నగరంలో జరిగి 2008లో వెలువడిన ఒక ప్రయోగం ఇందులో కొంత నిజముందని చూపింది. సైకిళ్లు నిలిపే సందులో గోడ శుభ్రంగా ఉన్నప్పుడు, సైకిలుకు తగిలించిన కరపత్రాన్ని నేలపై పారేసినవారు 33 శాతం. అదే గోడపై పిచ్చిరాతలున్నప్పుడు 69 శాతం. సందు అదే, మారింది గోడ ఒక్కటే.

అయితే షికాగో నగరంలో 343 నివాస ప్రాంతాల్లో ఎనిమిది వేలకు పైగా ప్రజలను ప్రశ్నించి రాబర్ట్ శాంప్సన్ బృందం 1997లో ప్రకటించిన అధ్యయనం వేరే కోణాన్ని ముందుకు తెచ్చింది. పొరుగువారికి ఒకరిపై ఒకరికున్న నమ్మకం, వీధిలో తప్పు జరిగితే ఎవరో ఒకరు కలగజేసుకుంటారన్న భరోసా కలిసిన గుణాన్ని వారు ‘సామూహిక సామర్థ్యం’ అన్నారు. అది బలంగా ఉన్నచోట, పేదరికం వంటి అంశాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా, హింస తక్కువగా ఉందని తేలింది. మురికి గోడలకూ నేరానికీ నేరుగా కనిపించే సంబంధంలో ఎక్కువ భాగం ఈ గుణాన్ని కూడా లెక్కిస్తే సన్నగిల్లిపోతుందని శాంప్సన్, స్టీఫెన్ రాడెన్‌బుష్ 1999లో చూపారు. అంటే గోడను కడగడం ఎంత ముఖ్యమో, దాన్ని కడగడానికి ఎవరు కలిసి వచ్చారన్నది అంతకంటే ముఖ్యం.

గోడరాతను త్వరగా చెరపాలన్న సూత్రాన్ని ప్రపంచానికి గట్టిగా చాటింది న్యూయార్క్ భూగర్భ రైలు వ్యవస్థ. అక్కడ 1984లో మొదలైన కార్యక్రమం కింద, ఒకసారి శుభ్రపరిచిన పెట్టెపై మళ్లీ ఎవరైనా రాస్తే దాన్ని కడిగేదాకా పట్టాలపైకి పంపలేదు. తన పేరు ఊరంతా తిరగాలన్న ఆశతో రాసినవాడికి ఆ పేరును తానే చూసుకునే అవకాశం లేకుండా పోయింది. 1989 మే నెలలో రాతలున్న చివరి పెట్టెను కూడా సేవ నుంచి తప్పించారు. అయితే రైలు పెట్టె రాత్రికి యార్డుకు చేరుతుంది, కడిగేవారు అక్కడే కాచుకొని ఉంటారు. వీధి గోడ ఎక్కడికీ కదలదు. దానిపై కొత్త రాతను తెల్లవారగానే చూసేది ఆ వీధివాళ్లే గనుక, వేగమన్న సూత్రం వీధిలో అమలు కావాలంటే పొరుగువారు తప్పనిసరి.

ఫిలడెల్ఫియాలో ఇందుకు ఒక పాత ఏర్పాటు ఆసరాగా ఉంది. రెండు కూడళ్ల మధ్యనున్న వీధి ముక్కను అక్కడ ‘బ్లాక్’ అంటారు. ఇరుగుపొరుగు మద్దతుతో ఆ ముక్క బాధ్యతను భుజాన వేసుకునే వ్యక్తి ‘బ్లాక్ కెప్టెన్’. చీపుళ్లు పంచడం, శుభ్రతకు ఒక రోజు నిర్ణయించి అందరినీ బయటికి పిలవడం, కొత్త రాత కనిపిస్తే నగర కార్యాలయానికి చెప్పడం ఈ వీధి పెద్దల పని. ఫిర్యాదు అందుకున్న నగర బృందం వచ్చి యజమాని అనుమతితో ఉచితంగా రాతను తొలగిస్తుంది.

తొలగించడం కూడా తోచినట్టు చేసే పని కాదు. స్ప్రే రంగులో రంగుపొడి, దాన్ని గోడకు పట్టించే రెసిన్ అనే జిగురు, రెండింటినీ పలచన చేసే ద్రావకం ఉంటాయి. ఇనుము, గాజు వంటి నున్నని వాటిపై రంగు పైపైనే నిలుస్తుంది గనుక ద్రావకంతో తుడిస్తే పోతుంది. ఇటుక, సున్నపురాయి వంటి వాటిలో అది సన్నని రంధ్రాల్లోకి ఇంకిపోతుంది కాబట్టి రోజులు గడిచేకొద్దీ వదలడం కష్టం. కోపంతో అధిక పీడనంతో నీళ్లు కొట్టినా, ఇసుక చిమ్మినా, కాలినప్పుడు ఇటుకపై ఏర్పడిన గట్టి పొర లేచిపోయి గోడ శాశ్వతంగా పాడవుతుంది. ముందే రంగు వేసి ఉన్న గోడపై అదే రంగును గోడ అంచు నుంచి అంచు వరకూ వేయాలి తప్ప, రాత ఉన్నంత మేర చతురస్రంగా పూస్తే ఆ అతుకే కొత్త రాతకు పలకగా మారుతుంది. కొన్ని గోడలకు ముందుగానే మైనం లాంటి రక్షణ పూత వేస్తారు. రాత పడితే పూతతో పాటే కడిగేసి, మళ్లీ పూత వేస్తారు. చెరిపేముందు ఫొటో తీసి ఉంచడం, యజమాని సమ్మతి తీసుకోవడం, రాత్రివేళ రాస్తున్నవారిని ఒంటరిగా అడ్డగించకపోవడం పొరుగు సంఘాలు పాటించవలసిన జాగ్రత్తలు.

ఇంతవరకే చేసి ఉంటే ఫిలడెల్ఫియా కథ అన్ని నగరాల కథే అయ్యేది. 1984 జనవరిలో ఆ నగరపు తొలి నల్లజాతి మేయరుగా పదవి చేపట్టిన విల్సన్ గూడ్, గోడరాతల నిరోధక బృందం ఒకటి ఏర్పాటు చేశాడు. ఇక రాయబోమని ప్రతిజ్ఞాపత్రంపై సంతకం చేసిన యువకులకు క్షమాభిక్ష, దాంతో పాటు గోడలు శుభ్రపరిచే పని అప్పగించడం దాని విధానం. వారికి చిత్రకళ నేర్పడానికి నియమితురాలైన జేన్ గోల్డెన్, ఈ యువకుల్లో చేతి నైపుణ్యం ఉన్నవారు తక్కువేమీ కాదని, వారికి కావలసింది పెద్ద గోడ, దాని వెనుక ఒక అనుమతి అని గ్రహించింది. కడగడానికి వచ్చిన చేతులు కుడ్యచిత్రాలకు మళ్లాయి. 1996లో, ఎడ్ రెండెల్ మేయరుగా ఉన్నప్పుడు, చిత్రాల విభాగం ‘మ్యూరల్ ఆర్ట్స్’ పేరుతో స్వతంత్ర కార్యక్రమంగా మారింది. దాని కింద నేటికి వేల సంఖ్యలో కుడ్యచిత్రాలు వెలిశాయి. ఇళ్లు కూలి బయటపడిన అదే అనాథ గోడలు వాటిలో అనేకానికి ఆధారమయ్యాయి.

ఈ చిత్రాలు తయారయ్యే తీరులోనే పొరుగువారి పాత్ర ఇమిడి ఉంది. వీధివాసులతో సమావేశాలు జరిపి ఏమి గీయాలో ముందు మాట్లాడుకుంటారు. తరువాత చిత్రకారుడు వేసిన రూపాన్ని ‘పారాషూట్ గుడ్డ’ అనే పలచని వస్త్రపు ముక్కలపైకి గీతలుగా దించి, ప్రతి గడికీ ఏ రంగో అంకె వేస్తారు. బడిపిల్లలు, వృద్ధులు, జైల్లోని ఖైదీలు కూడా ఆ అంకెల ప్రకారం రంగులు నింపితే, పూర్తయిన ముక్కలను జిగురుతో గోడకు అతికిస్తారు. నిచ్చెన ఎక్కలేని ముసలమ్మ కూడా మూడో అంతస్తు ఎత్తులోని ఆకాశంలో తాను వేసిన నీలిరంగును చూపించగలదు. ఇలాంటి గోడపై రాయడమంటే ఊరూ పేరూ లేని ఇటుకలపై కాక, వీధిలో తెలిసిన మనుషుల చేతిపనిపై రాయడమే కాబట్టి, రాసేవారు కూడా చాలావరకు దాని జోలికి పోరు.

అలాగని సమస్య తీరిపోలేదు. ఆ నగరంలో శుభ్రపరిచే బృందాలకు ఇప్పటికీ పని ఉంది. చిత్రాలు కూడా ఎండకు వెలిసి మరమ్మతు కోరుతాయి. అనుమతి లేని రాతనంతా విధ్వంసమనడం అన్యాయమని, దానిలోనూ కళ ఉందని వాదించేవారి మాటను కొట్టిపారేయనక్కరలేదు. గోల్డెన్ పని ఆ మాటను ఒప్పుకొనే మొదలైంది. కాని ఆ కళకు ఎవరి గోడ మూల్యం చెల్లిస్తోందన్న ప్రశ్న మిగులుతుంది. తరచూ అది కొత్త రంగు కొనే స్తోమత లేని పేదవాడి గోడే.

తెలుగు నేలపై ఈ సమస్య రూపం వేరు. ఇక్కడ గోడను ఆక్రమించేది మారుపేర్ల కంటే పార్టీల రాతలు, సినిమా పోస్టర్లు, కోటల రాళ్లపై చెక్కిన ప్రేమికుల పేర్లు. బహిరంగ ప్రదేశాలను వికృతపరచడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే చట్టం చేసింది. కేంద్ర రక్షణలోని పురాతన కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడేలా 1958 నాటి చట్టాన్ని 2010లో సవరించారు. చట్టాలకు కొదవ లేదు. తెల్లవారి తలుపు తీయగానే ఎదురింటి గోడపై కొత్త రాతను చూసి, అది ఎదురింటివారి సంగతేనని లోపలికి వెళ్లిపోని పొరుగు మాత్రం చట్టం చేస్తే పుట్టేది కాదు. దాన్ని వీధివాళ్లే కూడి నిలుపుకోవాలి.