గిటార్ నాదాన్ని తీర్చిదిద్దేది లోపలి బద్దలే

ఒకే పరిమాణం, ఒకే జాతి చెక్క, ఒకే రకం తీగలు ఉన్న రెండు అకూస్టిక్ గిటార్లను పక్కపక్కన ఉంచి మీటినప్పుడు ఒకటి గంభీరంగా, మరొకటి పలుచగా పలకడం సంగీత విద్యార్థులకు అనుభవమే. బయటి నుంచి చూసేవారికి ఈ తేడాకు కారణం అంతుపట్టదు. గిటార్ మధ్యనున్న గుండ్రటి రంధ్రంలోకి చిన్న అద్దాన్ని, టార్చిలైటు వెలుగును పంపి చూస్తే ముందు పలక అడుగున అతికించిన సన్నని చెక్క బద్దలు కనిపిస్తాయి. ఈ బద్దల అమరికనే బ్రేసింగ్ అంటారు. గిటార్ స్వభావాన్ని నిర్ణయించడంలో దీనిది ప్రధాన పాత్ర.

నాదం ఎలా పుడుతుంది?

తీగ ఒంటరిగా కంపిస్తే వినిపించే ధ్వని చాలా స్వల్పం. సన్నని తీగ తన చుట్టూ ఉన్న గాలిని పెద్దగా కదిలించలేదు. దాని కంపనాలు బ్రిడ్జ్ ద్వారా ముందు పలకకు చేరుతాయి. వెడల్పైన ఆ పలక లౌడ్‌స్పీకర్ పొరలా ముందుకు, వెనుకకు ఊగుతూ గాలిని కదిలిస్తుంది. పెట్టెలోని గాలి కూడా రంధ్రం ద్వారా లోపలికి, బయటికి ఊగుతూ మంద్ర స్వరాలకు బలం చేకూరుస్తుంది. సాధారణ గిటార్‌లో అత్యంత మంద్రమైన తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. పెట్టెలోని గాలి సహజ కంపనం 100 ప్రాంతంలోను, ముందు పలక ప్రధాన కంపనం 200 ప్రాంతంలోను ఉంటాయి. ఈ అంకెలు ఎటు జరిగినా వాద్యం గొంతు మారుతుంది. వాటిని జరపగలిగే ముఖ్య సాధనాల్లో బద్దలు ఒకటి.

రెండు విరుద్ధ అవసరాలు

ఉక్కు తీగల గిటార్‌లో ఆరు తీగలు కలిసి 70 కిలోలకు పైగా బలంతో బ్రిడ్జ్‌ను లాగుతూ ఉంటాయి. ఆ బలాన్ని మోయవలసిన ముందు పలక మందం సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే. ఆధారం లేకపోతే బ్రిడ్జ్ వెనుక భాగం ఉబ్బి, ముందు భాగం కుంగి, కొంతకాలానికి వాద్యం వాయించడానికి వీలుకాని స్థితికి చేరుతుంది. అందుకే బద్దలు తప్పనిసరి. అయితే బద్దలు మరీ బలంగా, బరువుగా ఉంటే పలక కదలదు, నాదం అణగిపోతుంది. విరగకుండా నిలిచేంత దృఢత్వం, స్వేచ్ఛగా ఊగేంత తేలికదనం ఒకే పలకలో సాధించడమే వాద్య నిర్మాత ఎదుర్కొనే అసలు సమస్య.

ఇందులో ఒక సాధారణ భౌతిక సూత్రం తోడ్పడుతుంది. బద్ద వెడల్పును సగం చేస్తే దాని దృఢత్వం కూడా సగమవుతుంది. ఎత్తును సగం చేస్తే మాత్రం దృఢత్వం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కనుకనే నిర్మాతలు బద్దలను సన్నగా, ఎత్తుగా మలుస్తారు. చివరి దశలో ఉలితోనో, చిన్న చిత్రికతోనో కొద్దిపాటి చెక్క తీసివేసినా ధ్వనిలో మార్పు వినిపించడానికి ఇదే కారణం.

స్పెయిన్‌లో విసనకర్ర అమరిక

నేటి క్లాసికల్ గిటార్ రూపాన్ని స్థిరపరచిన వ్యక్తిగా స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో దె టోర్రెస్ (1817–1892) ప్రసిద్ధుడు. బ్రిడ్జ్ కింద విసనకర్ర ఆకుల్లా విచ్చుకునే బద్దల అమరిక అంతకుముందే ఉన్నా, దాన్ని పెద్ద పలకకు, పలుచని చెక్కకు అనువుగా తీర్చిదిద్దినది ఆయనే. గిటార్ నాదానికి ముందు పలకే కీలకమని టోర్రెస్ విశ్వసించాడు. దీన్ని నిరూపించడానికి 1862లో పక్కలను, వెనుక భాగాన్ని కాగితపు అట్టతో చేసి, ముందు పలకను మాత్రం చెక్కతో అమర్చిన గిటార్‌ను నిర్మించాడు. నేడు నైలాన్ తీగల గిటార్లలో అధిక భాగం విసనకర్ర పద్ధతినే అనుసరిస్తున్నాయి.

అమెరికాలో ఎక్స్ అమరిక

జర్మనీ నుంచి 1833లో అమెరికాకు వలస వెళ్లిన సి.ఎఫ్. మార్టిన్ 1840వ దశకంలో రెండు ప్రధాన బద్దలను ఎక్స్ ఆకారంలో అమర్చడం మొదలుపెట్టాడు. అప్పట్లో గిటార్లకు వాడినవి జంతువుల పేగులతో చేసిన తీగలే. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఉక్కు తీగలు వ్యాపించినప్పుడు, వాటి అధిక బలాన్ని పలక అంతటికీ పంచగల ఎక్స్ అమరిక ఎంతో అనుకూలమని తేలింది. నేటి ఉక్కు తీగల గిటార్లలో ఎక్కువ వాటికి ఇదే ఆధారం.

బద్దల మధ్య భాగాన్ని లోయలా చెక్కి తేలిక చేసే పద్ధతి మరొకటి ఉంది. దీనివల్ల పలక ఎక్కువగా ఊగి మంద్ర స్వరాలు నిండుగా పలుకుతాయి. వాద్యకారులు మందపాటి తీగలు వాడడంతో పలకలు ఉబ్బుతున్నాయని గుర్తించి, మార్టిన్ సంస్థ 1944లో ఈ పద్ధతిని విరమించింది. పాత గిటార్ల నాదానికి ఆదరణ పెరగడంతో 1976లో ఒక కొత్త నమూనాలో తిరిగి ప్రవేశపెట్టింది.

ప్రయోగాలు ఇంతటితో ఆగలేదు. ఆస్ట్రేలియాకు చెందిన గ్రెగ్ స్మాల్‌మన్ అతి పలుచని పలక కింద బాల్సా చెక్క, కార్బన్ ఫైబర్‌తో చేసిన జాలీ వంటి అల్లికను ఉపయోగించాడు. ఆ గిటార్లు బిగ్గరగా పలుకుతాయి. అమెరికాకు చెందిన టేలర్ సంస్థ 2018లో వి ఆకారపు అమరికను పరిచయం చేసింది. ప్రతి మార్పులోనూ ఒక లాభానికి మరొక మూల్యం ఉంటుంది. పలక తేలికైన కొద్దీ నాదం త్వరగా, బిగ్గరగా వెలువడుతుంది, కానీ త్వరగా ఆరిపోతుంది. దృఢత్వం పెరిగిన కొద్దీ ధ్వని తగ్గినా నాదం ఎక్కువసేపు నిలుస్తుంది.

భారతదేశంతో అనుబంధం

ప్రపంచ గిటార్ పరిశ్రమకు మన దేశం ముఖ్యమైన చెక్కను అందిస్తోంది. బ్రెజిల్ రోజ్‌వుడ్ దొరకడం కష్టమైనప్పుడు మార్టిన్ సంస్థ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది. తెలుగువారు జిట్రేగి అని పిలిచే ఈ చెక్కను గిటార్ల పక్కలకు, వెనుక పలకకు నేటికీ విరివిగా వాడుతున్నారు.

గిటార్‌ను హిందుస్థానీ సంగీతానికి అనువుగా మలచుకున్నవారిలో బ్రిజ్ భూషణ్ కాబ్రా, విశ్వమోహన్ భట్ ప్రముఖులు. భట్ రూపొందించిన మోహన వీణలో ప్రధాన తీగలతో పాటు శ్రుతి తీగలు, అనునాద తీగలు కలిపి సుమారు 20 ఉంటాయి. అన్ని తీగల బలాన్ని మోయాలంటే వాద్యం సాధారణ గిటార్ కన్నా ఎంతో దృఢంగా ఉండాలి. ఈ వాద్యంతో రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు భట్ 1994లో గ్రామీ పురస్కారం అందుకున్నారు.

కొనేవారు, నేర్చుకునేవారు గమనించవలసినవి

నైలాన్ తీగల కోసం చేసిన గిటార్‌కు ఉక్కు తీగలు బిగించకూడదు. నైలాన్ తీగల మొత్తం బలం సుమారు 40 కిలోలు. ఉక్కు తీగలతో అది దాదాపు రెట్టింపవుతుంది. విసనకర్ర బద్దలు ఆ భారాన్ని మోయలేవు, బ్రిడ్జ్ ఊడిపోవచ్చు లేదా పలక చీలిపోవచ్చు.

కొనే ముందు ముందు పలకను అంచు నుంచి చూడాలి. బ్రిడ్జ్ వెనుక స్వల్పమైన ఉబ్బు సహజమే. ఉబ్బు స్పష్టంగా కనిపిస్తున్నా, రంధ్రం వైపు పలక లోతుగా కుంగినా అది హెచ్చరికగా భావించాలి. వేలి కణుపుతో పలకపై అక్కడక్కడ మెల్లగా తట్టినప్పుడు గరగరమనే శబ్దం వస్తే లోపల బద్ద అతుకు వీడి ఉండే అవకాశం ఉంది. దీన్ని తొలి దశలోనే మరమ్మతు చేయించడం తేలిక. ఆలస్యం చేస్తే ఆధారం కోల్పోయిన పలక వంకర తిరుగుతుంది.

గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండడం అనుకూలం. వానాకాలంలో, తీర ప్రాంతాల్లో తేమ ఇంతకన్నా చాలా ఎక్కువగా ఉండి చెక్క ఉబ్బుతుంది. ఎండాకాలంలోను, ఏసీ గదుల్లోను చెక్క ఎండి కుంచించుకుపోతుంది. ఈ మార్పులు పదేపదే జరిగితే బద్దల అతుకులు బలహీనపడతాయి. వాయించనప్పుడు గిటార్‌ను పెట్టెలో, తేమను అదుపు చేసే పొట్లంతో పాటు భద్రపరచడం మేలు. ఎండలో నిలిపిన కారులో వదిలితే వేడికి జిగురు మెత్తబడి బ్రిడ్జ్, బద్దలు ఊడే ప్రమాదం ఉంది.