నేలపై చిత్రించిన తివాచీ

నడిచే నేలను అందంగా తీర్చిదిద్దుకోవాలనే కోరిక ఏ ఒక్క జాతికో పరిమితమైనది కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న 64 కళలలో నేలను మణులతో అలంకరించే ‘మణిభూమికాకర్మ’ ఒకటి. మన వాకిళ్లలోని రంగవల్లి సరేసరి. అయితే ముగ్గు మరొక వస్తువును అనుకరించదు. 18వ శతాబ్దంలో ఇంగ్లండు, అమెరికా దేశాలలో మాత్రం తివాచీని అనుకరించే నేలచిత్రణ ఒక కళగా వర్ధిల్లింది.

ఆ కాలంలో తూర్పు దేశాల నుండి వచ్చే తివాచీలు మిక్కిలి ఖరీదైనవి. వాటిని కొనలేనివారు, కొన్నా పాడవుతాయని వెరచినవారు ‘ఫ్లోర్‌క్లాత్’ను ఆశ్రయించారు. ఇది రంగులు వేసిన కాన్వాసు వస్త్రం. దీని తయారీకి ఎంతో ఓర్పు కావాలి. మందపాటి గుడ్డను చట్రానికి బిగించి, జిగురు పట్టించి, గరుకు రాయితో రుద్ది నునుపు చేసేవారు. ఆపైన అవిసె నూనెలో కలిపిన రంగును పూతపై పూతగా వేసేవారు. అవిసె నూనె నీటివలె ఆవిరై ఆరిపోదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసి మెల్లమెల్లగా గట్టిపడుతుంది. అందుచేత ఒక్క వస్త్రం సిద్ధం కావడానికి నెలలు పట్టేది. చివరకు లతలు, పూలు, అంచులు, చలువరాతి గళ్లు దానిపై వెలిసేవి. మొదట కుంచెతో వేసిన ఈ చిత్రాలను క్రమంగా చెక్క అచ్చులతో అద్దసాగారు. మచిలీపట్నం కలంకారీ అద్దకం చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

దీనిని పేదవాని తివాచీ అని తీసివేయడం న్యాయం కాదు. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన అధికార నివాసంలోని భోజనశాలలో ఆకుపచ్చ రంగు వేసిన కాన్వాసును పరిపించాడు. చక్కని చెక్కనేలకు జిడ్డు అంటకుండా కాపాడడమే ఆయన ఉద్దేశం. తివాచీపై పులుసు ఒలికితే ఆ మరక ఒక పట్టాన వదలదు. ఫ్లోర్‌క్లాత్‌ను తడిబట్టతో తుడిస్తే చాలు. మూలానికి లేని గుణం అనుకరణకు అబ్బింది!

ఆ గుడ్డకైనా స్తోమత లేని పల్లెవాసులు చెక్కనేలపైనే రంగులతో తివాచీ దిద్దుకున్నారు. సంచార చిత్రకారుడు రూఫస్ పోర్టర్ 1825లో ప్రచురించిన గ్రంథంలో ఇటువంటి పనికి సులభమైన మార్గం చెప్పాడు: దళసరి కాగితంపై పువ్వును గీసి, దానిని కత్తితో తొలిచి, ఆ ఖాళీలోనుండి రంగు అద్దాలి.

పాదాల క్రింద నలిగే చిత్రానికి ఆయువు తక్కువ. అందుకే నాటి ఫ్లోర్‌క్లాత్‌లు నేడు బహు అరుదు. పరిశోధకులు వాటి వివరాలను మృతుల ఆస్తి జాబితాలలోను, పాత వర్ణచిత్రాలలోను వెదకుకోవలసి వస్తున్నది. 1847లో స్కాట్లాండులోని కర్కాల్డీలో మైకేల్ నైర్న్ ఫ్లోర్‌క్లాత్ కర్మాగారం కట్టినప్పుడు జనం దానిని వెర్రి సాహసమని నవ్వారు. అది నిలిచింది. కానీ 1863లో ఫ్రెడరిక్ వాల్టన్ లినోలియంకు పేటెంటు పొందాడు. లాటిన్ భాషలో ‘లైనమ్’ అనగా అవిసె, ‘ఓలియం’ అనగా నూనె. గట్టిపరచిన అవిసె నూనెలో బెండుపొడి కలిపి చేసిన ఈ చౌక వస్తువు ఫ్లోర్‌క్లాత్‌ను వెనుకకు నెట్టింది. నైర్న్ సంస్థ కూడా 1877లో లినోలియం తయారీకి పూనుకున్నది. దానిపై యంత్రాలు ముద్రించిన నమూనాలలోనూ తివాచీ పూలే ఉండేవి.