కంది జన్యువుల నుండి కనిగిరి నీటి వరకు: పోస్ట్‌డాక్టరల్ పరిశోధనలో జీవ సమాచార శాస్త్రం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల నుండి వ్యవసాయ, జీవశాస్త్రాలలో డాక్టరేటు పొందిన యువతకు ఒక సందేహమున్నది: జీవ సమాచార శాస్త్రంలోను, వైద్య జీవశాస్త్రంలోను పోస్ట్‌డాక్టరల్ ఉద్యోగాలు తమకు అందునవేనా? అందుతాయి. అయితే ఆ ఉద్యోగ స్వభావం ముందుగా తెలిసి ఉండాలి.

ఇది స్థిరమైన కొలువు కాదు. కొద్ది సంవత్సరాల గడువుతో, ఒక శాస్త్రవేత్త నిర్వహించే ప్రాజెక్టులో గాని, స్వయంగా సాధించిన ఫెలోషిప్‌తో గాని చేసే పరిశోధన. 2023 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ రేట్ల ప్రకారం రీసెర్చ్ అసోసియేట్‌కు స్థాయిని బట్టి నెలకు రూ.58,000 నుండి రూ.67,000 వరకు, అదనంగా ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. ప్రాజెక్టు ముగిస్తే జీతమూ ఆగుతుంది. ఈ సంగతి ఇంటి పెద్దలకు ముందే చెప్పుట మేలు.

ఇక పని ఎటువంటిది? మన మెట్ట రైతు ఎరిగిన కందినే చూద్దాం. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకొనే ‘ఆశ’ (ఐసీపీఎల్ 87119) రకపు జన్యుక్రమాన్ని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలోని బృందం 2012లో ప్రచురించింది. అందులో 48,680 జన్యువులను గుర్తించారు. క్రమాన్ని చదివేది యంత్రం. కోట్లాది ముక్కలను కూర్చి, ఏ జన్యువు ఏ లక్షణానికి కారణమో తేల్చేది కంప్యూటరు ముందు కూర్చున్న పరిశోధకుడు.

ఇదే నేర్పు వైద్యానికీ పనికి వస్తుంది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు నాటి నెల్లూరు జిల్లాలో ఉండగా, 1930లలో అక్కడి రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగుసుకొని నడవలేకపోవుటను గమనించారు. 1937లో షార్ట్, ఆయన సహచరులు మనుషులలోని ఫ్లోరోసిస్‌ను వివరించారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. అయినా ఒకే బావి నీరు తాగినవారందరూ ఒకే తీరున వంగిపోరు. ఆహారంలోని కాల్షియం, తాగే నీటి పరిమాణం, వయస్సు ఇందుకు కొంత కారణం. ఎలుకలలో కొన్ని జాతులు ఫ్లోరైడ్‌ను తట్టుకొంటాయని, కొన్ని తట్టుకొనలేవని ప్రయోగాలు చూపినవి గనుక జన్యు భేదాల పాత్రనూ పరిశీలించవలసి ఉన్నది. నేల, నీరు, పంట తెలిసిన వ్యవసాయ పట్టభద్రునికి ఇటువంటి అధ్యయనంలో చోటున్నదని నా అభిప్రాయం. బావి లోతు, రాతి స్వభావం, తినే ధాన్యం గురించి అడగవలసిన ప్రశ్నలు అతనికే ముందుగా తోస్తాయి.

సన్నద్ధత సంగతి. పొలం ప్రయోగాల గణాంక విశ్లేషణ మన విద్యార్థులకు వచ్చినదే. దానికి లినక్స్, ఆర్, పైథాన్ చేర్చుకోవాలి. అమెరికాలోని ఎన్‌సీబీఐ భాండాగారంలో జన్యు సమాచారం ఉచితంగా లభిస్తుంది. ఫరీదాబాద్‌లో మన దేశపు జీవ సమాచార కేంద్రం 2022లో ప్రారంభమైనది. ధ్రువపత్రాల దొంతర కంటె ఒక ప్రచురిత ఫలితాన్ని అదే సమాచారంతో స్వయంగా తిరిగి రాబట్టి చూపుట దరఖాస్తుకు ఎక్కువ బలమిస్తుంది.

హైదరాబాదులోని సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థల ప్రకటనలను వారి వెబ్‌సైట్లలోనే చూడాలి. దరఖాస్తుకు ముందు ఆ ప్రయోగశాల ఇటీవలి పత్రాలు రెండైనా చదివి, ప్రాజెక్టుకు ఇంకా ఎంత గడువు మిగిలి ఉన్నదో శాస్త్రవేత్తను నేరుగా అడిగి తెలుసుకోవాలి.